ర్యాగ్‌టైమ్ వేగంగా వాయించే సంగీతం కాదు

మీ ప్రశ్న ఇది: మీ అమ్మాయికి పన్నెండేళ్ళు, మూడేళ్ళుగా కీబోర్డ్ నేర్చుకుంటోంది. స్కూల్ ఫంక్షన్‌లో "ది ఎంటర్‌టైనర్" అనే ర్యాగ్‌టైమ్ పియానో పాట వాయిస్తానని పేరు ఇచ్చేసింది. యూట్యూబ్‌లో చూసిన స్పీడ్‌లో వాయించబోతే రెండు చేతులూ కలవడం లేదు, తనకీ మీకూ టెన్షన్‌గా ఉంది. దాంతోపాటు అసలు ఈ "రాగ్‌టైమ్" ఏమిటి, మన రాగానికి దీనికి ఏమైనా సంబంధం ఉందా, జాజ్ అన్నా ఇదన్నా ఒకటేనా అని అడిగారు.

నేను పాతికేళ్ళుగా పియానో నేర్పుతున్నాను. అంతకుముందు, చిన్నప్పుడు, ఆరేళ్ళు మృదంగం నేర్చుకున్నాను. మీ ప్రశ్నకి ఆ రెండూ పనికొస్తాయి. కాస్త పొడుగ్గానే రాస్తాను, తీరిగ్గా చదవండి.

ముందు పేరు. మీరు "రాగ్‌టైమ్" అని రాశారు కాబట్టి రాగం గుర్తొచ్చింది. కాలేజీ ర్యాగింగ్‌ని రాసినట్టు "ర్యాగ్‌టైమ్" అని రాస్తే ఆ గొడవ ఉండదు, పలికేది కూడా అలాగే. మన రాగం సంస్కృతంలో రంజ్ అనే ధాతువు నుంచి వచ్చింది. ర్యాగ్ అంటే ఇంగ్లీషులో గుడ్డపీలిక. అంచులు చిరిగి పీలికలైన లయ, "ర్యాగెడ్ టైమ్", అన్నదే ఈ పేరుకి మూలం అని ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. కాబట్టి రాగంతో చుట్టరికం ఏమీ లేదు. పేరులోనే ఉంది చూడండి, ఈ సంగీతం ప్రాణమంతా తాళంతో మెలోడీ పడే పేచీలో ఉంది. ఆ పేచీని అర్థం చేసుకోవడానికి మాత్రం మన జతులు (తకిట, తకధిమి లాంటి పలుకులు) చాలా బాగా ఉపయోగపడతాయి. చరిత్రలో సంబంధం లేకపోయినా చెవికి దారి దొరుకుతుంది.

లయతోనే మొదలుపెడదాం. మీ అమ్మాయి సమస్య సరిగ్గా అక్కడే ఉంది.

ర్యాగ్ ఎక్కువగా రెండు బీట్ల బార్‌లో రాస్తారు. బార్ అంటే మన తాళంలో ఒక చిన్న ఆవృత్తం లాంటిది. ఒక్కో బీట్‌ని నాలుగు మాత్రలుగా కోస్తే బార్‌కి ఎనిమిది మాత్రలు. ఎడమచెయ్యి ఒకటో మాత్ర మీద కింద బేస్ స్వరం, మూడో మాత్ర మీద పైన కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి), మళ్ళీ ఐదో మాత్ర మీద బేస్, ఏడో మాత్ర మీద కార్డ్ వాయిస్తుంది. ధుమ్-చక్, ధుమ్-చక్. పెళ్ళి ఊరేగింపులో బ్యాండువాళ్ళ పెద్ద డ్రమ్ము, తాళాలు వాయించే పని ఇక్కడ ఎడమచెయ్యి ఒక్కటే చేస్తుంది. ఇది కదలకూడదు, ఊగకూడదు, ముందుకి తోసుకుపోకూడదు.

ఇప్పుడు కుడిచెయ్యి. "ది ఎంటర్‌టైనర్" మొదటి ట్యూన్ తీసుకుందాం. సి మేజర్‌లో ఉంటుంది, అంటే మన శంకరాభరణం స్వరాలు. బార్ మొదలవక ముందే రెండు చిన్న స్వరాలు ఎత్తుగడగా వస్తాయి: డి, డి షార్ప్. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం అనుకోండి. అక్కడి నుంచి అంతర గాంధారం మీద, అంటే ఇ మీద, బార్ మొదలవుతుంది. తర్వాత పై స, మళ్ళీ గ, పై స, గ, పై స. అంతే. రెండే స్వరాలు మార్చి మార్చి వస్తాయి. వినడానికి పసిపిల్లల ఆటలా ఉంటుంది. అసలు విషయం వాటి నిడివిలో ఉంది. గ ఒక మాత్ర, స రెండు మాత్రలు. గ ఒకటి, స రెండు. చివరి గ ఒకటి, దాని వెనక స ఒక్క మాత్రే ఈ బార్‌లో, మిగతాది తర్వాతి బార్‌లోకి సాగుతుంది.

కూడితే ఎంత? మూడు, మూడు, రెండు. తకిట తకిట తక.

మృదంగం క్లాసులో కూర్చున్నవాళ్ళెవరికైనా ఇది మొదటి సంవత్సరం పాఠం. చేత్తో నాలుగు సమానమైన దెబ్బలు వేస్తూ నోటితో తకిట తకిట తక అంటే, మొదటి త సరిగ్గా దెబ్బ మీద పడుతుంది, రెండో త రెండు దెబ్బల సందులో పడుతుంది, మూడో త మళ్ళీ దెబ్బ మీదికి వస్తుంది. ఆ మధ్యలో సందులో పడినదే ఒళ్ళు ఊగేలా చేసేది. పాశ్చాత్య సంగీతంలో దీన్ని సింకోపేషన్ అంటారు. బరువు పడాల్సిన చోట పడకుండా దాని పక్కన పడటం.

ఇక "ది ఎంటర్‌టైనర్"లో ఇంకో మెలిక ఉంది. పైనున్న స చెవికి గ కంటే గట్టిగా వినపడుతుంది, ఎక్కువసేపు ఉంటుంది. ఆ స పడేవి రెండో మాత్ర, ఐదో మాత్ర, ఎనిమిదో మాత్ర. ఎడమచెయ్యి ఒకటి, మూడు, ఐదు, ఏడు మీద ఉంది. అంటే మూడు స-లలో ఒక్కటే ఎడమచేతితో కలుస్తుంది, మిగతా రెండూ సందుల్లో పడతాయి. ఎనిమిదో మాత్ర మీద పడ్డ ఆఖరి స అలాగే సాగి తర్వాతి బార్‌లోకి వెళ్ళిపోతుంది. కాబట్టి కొత్త బార్ మొదటి బీట్‌కి ఎడమచెయ్యి ధుమ్ అన్నప్పుడు కుడిచెయ్యి కొత్తగా ఏమీ కొట్టదు, పట్టుకునే ఉంటుంది. అతీత ఎత్తుగడలో పాట తాళం కంటే ముందే అందుకున్నట్టు, ఇక్కడ కుడిచెయ్యి సమం కంటే ఒక మాత్ర ముందే వచ్చి కూర్చుంది.

మీ అమ్మాయికి చేతులు కలవకపోవడానికి నూటికి తొంభై పాళ్ళు ఇదే కారణం. ఆ ఎనిమిదో మాత్ర స-ని తెలియకుండానే తర్వాతి ఒకటో మాత్ర మీదికి నెట్టేస్తూ ఉంటుంది. చెవికి అదే సహజం అనిపిస్తుంది. స్పీడ్‌లో ఆ తప్పు కనపడదు, వినపడదు, ఏదో పొసగడం లేదని మాత్రం తెలుస్తుంది. ఇదే ట్యూన్‌తో ఇదే చోట ఇబ్బందిపడి ఏడ్చిన పిల్లల్ని చూశాను నేను. పియానో మూయించి, తొడ మీద ఎడమచేత్తో దెబ్బలు వేయించి, నోటితో తకిట తకిట తక చెప్పించాక, పది నిమిషాల్లో కళ్ళు పెద్దవి చేసుకుని నవ్వినవాళ్ళూ వాళ్ళే.

ఇంకో రకం పేచీ కూడా చెప్పి ముందుకు వెళ్తాను. కుడిచెయ్యి మూడు స్వరాల ముక్కని ఆపకుండా తిప్పుతుంటే ఎడమచెయ్యి నాలుగు లెక్కలోనే పోతూ ఉంటుంది. తకిట తకిట తకిట అని మూడులు దొర్లుతుంటే కింద తకధిమి నడుస్తున్నట్టు. ప్రతి ఆవృత్తంలోనూ మొదటి స్వరం కొత్త చోట పడుతుంది. యూడే బౌమన్ 1914లో ప్రచురించిన "ట్వెల్ఫ్‌త్ స్ట్రీట్ ర్యాగ్" మొత్తం దీని మీదే నిలబడింది. వినండి, వెంటనే పట్టుకుంటారు.

ఇక కట్టడం. ర్యాగ్ అంటే పదహారు బార్ల ట్యూన్లు మూడో నాలుగో వరసగా పేర్చిన రచన. సాధారణంగా మొదటి ట్యూన్ రెండుసార్లు, రెండోది రెండుసార్లు, మళ్ళీ మొదటిది ఒకసారి, తర్వాత మూడోది రెండుసార్లు, నాలుగోది రెండుసార్లు. మిలటరీ బ్యాండ్ మార్చ్‌ల నుంచి వచ్చిన కట్టడం ఇది. మూడో ట్యూన్‌ని ట్రయో అంటారు, అక్కడ శ్రుతి మారుతుంది, అసలు శ్రుతిలోని మధ్యమం కొత్త షడ్జం అవుతుంది. మనవాళ్ళు మధ్యమ శ్రుతి పెట్టుకుని పాడితే గొంతులో వచ్చే ఆ మెత్తదనం ట్రయో మొదలవగానే మీకు వినపడుతుంది. "ది ఎంటర్‌టైనర్"లో అది సి నుంచి ఎఫ్‌కి మారుతుంది. మన చెవికి ఒక్కటి కొత్తగా ఉంటుంది. మొదటి ట్యూన్ ఒకసారి పల్లవిలా తిరిగొస్తుంది గానీ, ట్రయో తర్వాత ఇక రాదు. పాట ఇంకో కొత్త ట్యూన్‌తో ముగుస్తుంది. పల్లవి అందుకోకుండా ఆపేసినట్టు నాకు మొదట్లో వెలితిగా ఉండేది. ఇప్పుడు అదే ఇష్టం. ఒక ఊరి నుంచి బయల్దేరి ఇంకో ఊరు చేరినట్టు ఉంటుంది.

జాజ్‌కీ దీనికీ తేడా కూడా ఇక్కడే ఉంది. ర్యాగ్ కాగితం మీద రాసిన రచన. అప్పటి పియానో వాయిద్యకారుల్లో సొంత కల్పనలు చేర్చేవాళ్ళు ఉన్నా, రాసిన ర్యాగ్ అలా రాసినట్టే నిలబడుతుంది. జాజ్‌లో మనోధర్మానిదే పెద్దపీట. ర్యాగ్‌లో మాత్రలు సమానంగా కోస్తారు. జాజ్‌లో ఆ మాత్రలు పొడుగు-పొట్టి, పొడుగు-పొట్టిగా ఊగుతాయి. జాజ్ పియానో ర్యాగ్ కడుపున పుట్టిందే. న్యూయార్క్‌లో జేమ్స్ పి. జాన్సన్ లాంటివాళ్ళు ఎడమచేతి ధుమ్-చక్‌ని ఇంకా దూరం దూరం గంతులు వేయించి స్ట్రైడ్ పియానో తయారుచేశారు. ర్యాగ్‌కీ జాజ్‌కీ మధ్య నిలబడ్డ మనిషి జెల్లీ రోల్ మోర్టన్ అనే పియానిస్ట్. ఈ భాగం ఇంతటితో వదిలేస్తాను, అది వేరే పెద్ద కథ.

ఇది ఎక్కడ పుట్టింది? అమెరికాలో, నల్లజాతి సంగీతకారుల చేతుల్లో, 19వ శతాబ్దం చివరి పాతికేళ్ళలో. బానిసత్వం 1865లో రద్దయింది. అంతకుముందు తోటల్లో బానిసలు యజమానుల డాబు నడకని అనుకరిస్తూ, లోపల్లోపల వెక్కిరిస్తూ ఆడిన కేక్‌వాక్ అనే డాన్సు ఉండేది. బాగా నడిచిన జంటకి బహుమతి కేకు. ఆ డాన్సు లయ, బ్యాంజో మీటే పద్ధతి, చేతులతో తొడల మీద చరుస్తూ పాడటం, వీటన్నిటిలోనూ పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన లయజ్ఞానం ఉంది. దానికి యూరప్ నుంచి వచ్చిన మార్చ్ కట్టడం, పియానో కలిశాయి. ఎడమచెయ్యి మార్చ్, కుడిచెయ్యి బ్యాంజో అని నేను పిల్లలకి చెప్తాను.

ఊరూరూ తిరిగే పియానో వాయిద్యకారులు సారా కొట్లలో, వేశ్యావాటికల్లో, నల్లవాళ్ళ క్లబ్బుల్లో దీన్ని వాయించేవారు. మర్యాదైన కచేరీ హాళ్ళలో వాళ్ళకి చోటు ఉండేది కాదు. ఈ సంగీతానికి మొదటి నుంచి పడ్డ మచ్చ అదే: పుట్టిన చోటు మంచిది కాదు కాబట్టి సంగీతమూ మంచిది కాదని. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకి వచ్చిన లక్షల మందిలో చాలామందికి ఆ చుట్టుపక్కల ఇది చెవిన పడింది. 1897 జనవరిలో విలియం క్రెల్ అనే తెల్ల బ్యాండ్‌మాస్టర్ "మిసిసిపీ ర్యాగ్" అచ్చు వేయించాడు. అదే ఏడాది డిసెంబర్‌లో సెయింట్ లూయిస్‌కి చెందిన టామ్ టర్పిన్ "హార్లెమ్ ర్యాగ్" వచ్చింది. నల్లజాతి రచయిత పేరుతో అచ్చయిన మొదటి ర్యాగ్ అది. అదే రోజుల్లో ర్యాగ్ లయ పెట్టి నల్లవాళ్ళని నీచంగా వెక్కిరించే పాటలు కూడా విపరీతంగా అమ్ముడయ్యాయి, వాటి కవర్ల మీద బొమ్మలు చూస్తే ఇప్పటికీ కడుపు రగులుతుంది. ర్యాగ్‌టైమ్ అంటే ఏదో తమాషా, చవకబారు వినోదం అన్న ముద్ర పడటంలో ఆ పాటల చెయ్యి చాలా ఉంది.

ఆ ముద్ర చెరిపెయ్యాలని బతుకంతా పెనుగులాడిన మనిషి స్కాట్ జోప్లిన్. మీ అమ్మాయి వాయించబోయేది ఆయన రచనే.

జోప్లిన్ 1868 ప్రాంతంలో టెక్సస్‌లో పుట్టాడు, టెక్సర్కానా అనే ఊళ్ళో పెరిగాడు. తండ్రి జైల్స్ ఒకప్పుడు బానిస, ఫిడేలు వాయించేవాడు. తల్లి ఫ్లోరెన్స్ పాడేది, బ్యాంజో వాయించేది, తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పని చేసేది. తల్లి ఆ ఇంట్లో పని చేసుకుంటుంటే కుర్రాడు అక్కడి పియానో మీద వేళ్ళు ఆడించేవాడు. జూలియస్ వైస్ అనే జర్మన్ మాస్టారు ఆ పిల్లవాడిని చూసి డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పాడు, యూరప్ సంగీతం, ఆపెరా (పాటలతో నడిచే నాటకం) రుచి చూపించాడు. ఆపెరా రాయాలన్న కోరిక ఆయనలో అప్పుడే పడిందని నా నమ్మకం.

1890లలో మిస్సోరీ రాష్ట్రంలో సెడేలియా అనే రైల్వే ఊరికి చేరాడు. పగలు పాఠాలు చెబుతూ, రాత్రి క్లబ్బుల్లో వాయిస్తూ బతికాడు. అక్కడ మేపుల్ లీఫ్ క్లబ్ అని నల్లవాళ్ళ క్లబ్ ఒకటి ఉండేది. 1899 ఆగస్టు 10న ఆ ఊళ్ళోనే సంగీతం దుకాణం నడుపుకునే జాన్ స్టార్క్‌తో "మేపుల్ లీఫ్ ర్యాగ్" కోసం ఒప్పందం రాసుకున్నాడు. ప్రతి కాపీకి ఒక సెంటు రాయల్టీ. ఒక సెంటే కదా అనిపిస్తుంది. కానీ అప్పట్లో, అందులోనూ నల్లజాతి రచయితలకి, కొద్ది డాలర్లు చేతిలో పెట్టి హక్కులన్నీ రాయించుకోవడమే రివాజు. మొదటి ఏడాది అమ్మకాలు వందల్లోనే ఉన్నాయి, తర్వాత లక్షల్లోకి వెళ్ళాయి. ఆ ఒక్క సెంటు ఆయనకి జీవితాంతం కొద్దో గొప్పో ఆదాయం ఇచ్చింది.

"మేపుల్ లీఫ్ ర్యాగ్" "ది ఎంటర్‌టైనర్" కంటే కష్టం. ఎ ఫ్లాట్‌లో ఉంటుంది, ఎడమచెయ్యి పెద్ద పెద్ద గంతులు వెయ్యాలి. మొదటి ట్యూన్ సగానికి వచ్చేసరికి మేజర్ కాస్తా మైనర్‌లోకి జారి, అవే స్వరాలు కింది నుంచి పైకి రెండు చేతులూ అందించుకుంటూ పాకుతాయి. ఉత్సాహంగా నడుస్తున్న మనిషి ఒక్క క్షణం ముఖం మారిపోయి, మళ్ళీ సర్దుకుని నడిచినట్టు. ఆ చోటు వేగంగా వాయిస్తే చప్పుడు తప్ప ఇంకేమీ మిగలదు. నిమ్మళంగా వాయిస్తే గుండె పట్టేస్తుంది. మీ అమ్మాయికి ఇప్పుడే వద్దు, రెండేళ్ళు ఆగి ఇవ్వండి.

ఇప్పుడు వేగం సంగతి. 1901లో అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ మ్యూజీషియన్స్ అనే సంగీతకారుల సంఘం తమ సభ్యులని ర్యాగ్‌టైమ్ వాయించొద్దని చెప్పింది. జనం మాత్రం వింటూనే ఉన్నారు, షీట్ మ్యూజిక్ కొంటూనే ఉన్నారు. పోటీలు పెట్టి ఎవరు వేగంగా వాయిస్తే వాళ్ళకి బహుమతులు ఇచ్చేవారు. కాగితం చుట్టకి చిల్లులు పెట్టి దానంతట అదే వాయించే ప్లేయర్ పియానోలు వచ్చాయి, వాటిలో వేగం పెంచడానికి ఒక మీట జరిపితే చాలు. తర్వాతి కాలంలో హాస్యపు మూకీ సినిమాలతో, సారా కొట్టు సీన్లతో ఈ సంగీతాన్ని ముడిపెట్టేశారు. ఈరోజు యూట్యూబ్‌లో మీరు చూసిన స్పీడ్ ఆ వారసత్వమే.

జోప్లిన్ దీన్ని ఒప్పుకోలేదు. 1902లో అచ్చయిన "ది ఎంటర్‌టైనర్" మొదటి లైను పైన "వేగంగా వద్దు" అని ఉంటుంది. మీ దగ్గరున్న కాపీలో లేకపోతే అది సులభతరం చేసిన ప్రతి అయ్యుండొచ్చు, అసలు ప్రతి తెచ్చుకోండి. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, ఉచితంగా దొరుకుతుంది. ఆ రచనని ఒక మ్యాండొలిన్ బృందానికి అంకితం ఇచ్చాడు. గ-స, గ-స అని ఆ పదే పదే తిరగడంలో, తర్వాత వచ్చే ఆక్టేవ్‌లలో (కింది స, పై స లాంటి జంట స్వరాలలో) మ్యాండొలిన్ మీటినట్టు వినపడితేనే అది సరైన వేగం.

1908లో ఆయన "స్కూల్ ఆఫ్ ర్యాగ్‌టైమ్" అని ఆరు అభ్యాసాల చిన్న పుస్తకం వేశాడు. నా విద్యార్థులందరికీ ఇదే మొదటి పాఠం. అందులో ప్రతి అభ్యాసానికీ పైన ఒక లైను అదనంగా ఉంటుంది, అది వాయించడానికి కాదు. సింకోపేషన్ లేకుండా అదే మెలోడీ ఎలా ఉంటుందో అక్కడ రాసి, కింద అసలు స్వరాల నుంచి పైకి చుక్కల గీతలు గీశాడు. ఏ స్వరం ఏ మాత్ర నుంచి ఏ మాత్ర దాకా ఉందో ఆ చుక్కల గీతలు పట్టుకుని చూసుకోవచ్చు. మనం పలక మీద జతి రాసి కింద తాళం గుర్తులు పెట్టుకున్నట్టే. రాసిన స్వరానికి రాసినంత నిడివి ఇవ్వమని, ఊపు దొరికేదాకా నెమ్మదిగా వాయించమని, ర్యాగ్‌టైమ్‌ని ఎప్పుడూ వేగంగా వాయించవద్దని అందులో స్పష్టంగా చెప్పాడు. తన సంగీతాన్ని చెత్త అని రాళ్ళు వేసేవాళ్ళ గురించి కూడా రెండు మాటలు ఉన్నాయి. చదువుతుంటే ఆ మనిషి పడ్డ బాధ తెలుస్తుంది.

ఆయన సొంత వాయిద్యం మనకి రికార్డుగా లేదు. 1916లో చేసిన కొన్ని ప్లేయర్ పియానో చుట్టలు మాత్రమే ఉన్నాయి. అప్పటికే జబ్బు ముదిరిపోయింది, పైగా చుట్టల్ని తయారీలో సరిదిద్దేవారు. కాబట్టి వాటిని విని ఆయన వాయిద్యం ఇదీ అని తీర్పు చెప్పకండి.

ఆపెరా సంగతి చెప్పకుండా వదల్లేను. మొదటి ఆపెరా "ఎ గెస్ట్ ఆఫ్ ఆనర్" 1903లో ప్రదర్శించాడు, దాని స్వరలిపి ఇప్పటికీ దొరకలేదు. రెండోది "ట్రీమొనీషా". ప్రచురించేవాళ్ళు లేక 1911లో సొంత డబ్బుతో 230 పేజీల స్వరలిపి అచ్చు వేయించాడు. కథ 1884లో, ఆయన పెరిగిన టెక్సర్కానా దగ్గరి తోటలో జరుగుతుంది. చదువుకున్న పద్దెనిమిదేళ్ళ నల్లజాతి అమ్మాయి, మూఢనమ్మకాలతో జనాన్ని దోచుకునే మంత్రగాళ్ళని ఎదిరించి ఊరికి నాయకురాలవుతుంది. 1915లో న్యూయార్క్ హార్లెమ్‌లో సెట్లు లేకుండా, వేషాలు లేకుండా, ఆర్కెస్ట్రా లేకుండా, తనే పియానో మీద కూర్చుని ఒకసారి వినిపించాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1917 ఏప్రిల్ 1న న్యూయార్క్‌లోని మానసిక వైద్యశాలలో సిఫిలిస్ ముదిరి పోయాడు. క్వీన్స్‌లో సమాధి, దాని మీద పేరున్న రాయి పెట్టింది 1974లో. ఆయన పోయిన ఏడాదే మొదటి జాజ్ రికార్డు బజారులోకి వచ్చింది, ర్యాగ్‌టైమ్‌ని జనం మర్చిపోయారు.

ర్యాగ్ రచనలో జోప్లిన్ పక్కన నిలబెట్టే పేర్లు ఇంకో రెండు: జేమ్స్ స్కాట్, జోసెఫ్ ల్యాంబ్. ల్యాంబ్ న్యూజెర్సీకి చెందిన ఐరిష్ మూలాల తెల్లవాడు, జోప్లిన్‌కి వీరాభిమాని. 1908లో ల్యాంబ్ రాసిన "సెన్సేషన్" అచ్చయినప్పుడు అమ్ముడుపోవాలని జోప్లిన్ తన పేరు కూడా దాని మీద వేయించాడు. యూరప్‌లో డెబుస్సీ, స్ట్రావిన్‌స్కీ కూడా ఈ లయని తమ రచనల్లోకి తీసుకున్నారు. నా చెవికి వాటిలో ఎడమచెయ్యి నేల మీద నిలబడదు, అది నా అభిప్రాయం.

మళ్ళీ ఎలా లేచింది? 1970లో జాషువా రిఫ్కిన్ అనే పియానిస్ట్ జోప్లిన్ ర్యాగ్‌లని కచేరీ పియానో మీద, నెమ్మదిగా, రాసినది రాసినట్టు వాయించి రికార్డు వేశాడు. జనం ఆశ్చర్యపోయారు. 1973లో "ది స్టింగ్" సినిమాలో "ది ఎంటర్‌టైనర్" వాడారు. కథ 1930లది, ఆ కాలానికి ర్యాగ్‌టైమ్ పాతబడిపోయింది, అయినా సినిమాతో ప్రపంచమంతా పాకింది. "ట్రీమొనీషా"ని 1972లో అట్లాంటాలో వేదిక ఎక్కించారు. 1976లో జోప్లిన్‌కి పులిట్జర్ ప్రత్యేక పురస్కారం ఇచ్చారు, పోయిన 59 ఏళ్ళకి. అమెరికాలో ఉన్న మన పిల్లల్లో చాలామందికి "ది ఎంటర్‌టైనర్" ఐస్‌క్రీమ్ బండి పాటగా తెలుసు. వాళ్ళకి ఈ కథ కూడా చెప్పండి.

ఇక మీ అమ్మాయి ఏం చెయ్యాలి. ఫంక్షన్‌కి ఆరు వారాలుందన్నారు, సరిపోతుంది. మొత్తం పాట వద్దు. ముందు నాలుగు బార్ల ఆరంభం, మొదటి ట్యూన్, రెండో ట్యూన్, మళ్ళీ మొదటి ట్యూన్, అక్కడ ఆపితే చక్కగా ముగిసినట్టే ఉంటుంది.

మొదటి వారం కుడిచెయ్యి ముట్టుకోవద్దు. ఎడమచెయ్యి ఒక్కటే, మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) నిమిషానికి 60 బీట్లు పెట్టి, బేస్ కాస్త బరువుగా, కార్డ్ తేలిగ్గా. కీబోర్డ్ మెట్ల వైపు చూడకుండా గంతు సరిగ్గా పడేదాకా. దీంతోపాటు రోజూ ఐదు నిమిషాలు తొడ మీద దెబ్బలు, నోటితో తకిట తకిట తక. మీరూ పక్కన కూర్చుని చేయండి, పిల్లలకి ఉత్సాహంగా ఉంటుంది. రెండో వారం కుడిచెయ్యి విడిగా, ఎనిమిది మాత్రలూ పైకి లెక్కపెడుతూ. ఎనిమిది అన్నప్పుడు స పడాలి, ఒకటి అన్నప్పుడు వేలు మెట్టు మీదే ఉండాలి. ఆ ఒక్కటీ మీరు గమనిస్తూ ఉండండి, సంగీతం రాకపోయినా ఇది పట్టుకోగలరు. మూడో వారం నుంచి రెండు చేతులూ, ఒక్కో బార్ చొప్పున, అదే 60లో. ఆఖరికి 76 దాకా వెళ్తే చాలు, 80 దాటొద్దు. స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్ వాడొద్దు, ధుమ్-చక్ మధ్య ఉండాల్సిన గాలి అంతా అది మింగేస్తుంది. కీబోర్డ్‌లో ఉన్న ఆటో రిథమ్ కూడా ఆపెయ్యండి, ఎడమచెయ్యి చెయ్యాల్సిన పని దానికి అప్పజెప్పినట్టవుతుంది.

వినడానికి రిఫ్కిన్ రికార్డు పెట్టండి. దానితోపాటు జోప్లిన్‌దే "సొలేస్" వినిపించండి, 1909లో అచ్చయింది. లాటిన్ అమెరికా నడకతో ఇంత నిదానంగా, ఇంత దిగులుగా ఉండే రచన విన్నాక స్పీడ్ గురించి ఆ పాప మళ్ళీ అడగదు.

మూడో వారం అయ్యాక ఒక చిన్న రికార్డింగ్ పెట్టండి. ఎడమచెయ్యి ఒక్కదానిది ఒకటి, రెండు చేతులూ కలిపినది ఒకటి. రెండిట్లోనూ వేగం ఒకటేనా కాదా అన్నది విని, రెండో ట్యూన్‌కి వేళ్ళు ఎలా పెట్టుకోవాలో అప్పుడు రాస్తాను.